ఆదివారం మాత్ర

న్యూజెర్సీలో, ఎడిసన్ చుట్టుపక్కల పిల్లల వైద్యం చేసే ఒక తెలుగు డాక్టరమ్మకు సోమవారం పొద్దున్న ఫోను మోగితే చిరాకు. జ్వరాల గురించీ దగ్గుల గురించీ అయితే ఆవిడకు ఇబ్బంది లేదు. "నిన్న మందు వేయలేదండీ" అని మొదలుపెట్టేవాళ్లతోనే పేచీ. ఎందుకు వేయలేదమ్మా అంటే అందరిదీ ఒకటే జవాబు: "పిల్ల బానే ఉందిగా మేడమ్, ఆడుకుంటోందిగా!"

బాగానే ఉన్నప్పుడు వేయాల్సిన మందే అది. ఆ ముక్క చెప్పీ చెప్పీ ఆవిడ గొంతు అరిగిపోయింది.

ఇండియా నుంచి దత్తతకు వచ్చిన పిల్లల్ని దిగిన రెండు వారాల్లోపు డాక్టరుకు చూపించాలి. హెపటైటిస్, హెచ్ఐవీ, సిఫిలిస్, థైరాయిడ్, రక్తంలో సీసం, కడుపులో పురుగులు, వీటన్నిటి పరీక్షలకూ తల్లిదండ్రులు బుద్ధిగా తలూపుతారు. జాబితాలో టీబీ రాగానే ముఖాలు మారిపోతాయి. "బీసీజీ వేయించారండీ, చేతి మీద మచ్చ కూడా ఉంది" అంటారు. ఉంటే సంతోషమే. పసిపిల్లల్లో మెదడుకు పాకే క్షయనూ, ఒళ్లంతా వ్యాపించే క్షయనూ ఆ టీకా చాలావరకు ఆపుతుంది. క్రిమి అసలు ఒంట్లో చేరకుండా పూర్తిగా అడ్డుకోవడం మాత్రం దానివల్ల కాదు. చర్మంపై చేసే పాత పరీక్ష బీసీజీవల్ల పొరపడవచ్చు. ఇప్పుడు చేసే ఇగ్రా రక్తపరీక్షకు ఆ ఇబ్బంది లేదు, అది వెతికే ప్రొటీన్లు బీసీజీ క్రిమిలో ఉండవు. కాబట్టి అందులో పాజిటివ్ వస్తే టీకా మీదికి నెట్టి తప్పించుకోవడానికి లేదు. ఎక్స్‌రే శుభ్రంగా ఉంటే దాన్ని నిద్రాణ క్షయ అంటారు. పిల్ల జబ్బు మనిషి కాదు, ఎవరికీ అంటించదు. కానీ నివురుగప్పిన నిప్పు. ఏడాది నిండని పిల్లల్లో మందు వేయకపోతే నూటికి 40 మంది దాకా జబ్బులోకి జారే ప్రమాదం ఉంది. అయిదేళ్లలోపు పిల్లలకూ ఆ ముప్పు పెద్దవాళ్లకన్నా చాలా ఎక్కువ.

మందు కథ చిన్నదే. ఒకప్పుడు తొమ్మిది నెలలపాటు రోజూ ఐసోనియాజిడ్ వేసేవారు. ఇప్పుడు రెండేళ్లు నిండిన పిల్లలకు ఐసోనియాజిడ్, రిఫాపెంటిన్ కలిపి వారానికి ఒక్కసారి, పన్నెండు వారాలు వేస్తే సరిపోతుంది. తిన్నాక వేయాలి. వారంలో ఏ రోజైనా ఫర్వాలేదు. ఉద్యోగాలు చేసుకునేవాళ్లు కనక అందరూ ఆదివారమే ఎంచుకుంటారు. అసలు చిక్కంతా అక్కడే వచ్చిపడింది.

ఒక జంట తెలంగాణలోని ఒక శిశుగృహ నుంచి నాలుగేళ్ల పాపను తెచ్చుకున్నారు. ఇండియాలో దత్తతలు చూసే ప్రభుత్వ సంస్థ కారా పోర్టల్లో పేరు నమోదు, ఇంటి తనిఖీ, ఏళ్ల తరబడి ఎదురుచూపు, అన్నీ పడ్డారు. దత్తత ఉత్తర్వు ఇండియాలోనే పూర్తయింది కాబట్టి అమెరికాలో అడుగుపెడుతూనే పాపకు పౌరసత్వం వచ్చేసింది. ఇగ్రా పాజిటివ్, ఎక్స్‌రే శుభ్రం. బరువు పదిహేను కిలోలు. ఆ బరువుకు ఆదివారం పూట అయిదు మాత్రలు, పొడిచేసి చాక్లెట్ పుడ్డింగులో కలిపి పెట్టాలి.

"చాలా మంచి పిల్లండీ, అస్సలు ఏడవదు" అన్నాడు తండ్రి మొదటిరోజే, గర్వంగా. రక్తం తీస్తున్నప్పుడూ పాప సూదివంక చూస్తూ కూర్చుంది తప్ప నోరు మెదపలేదు. డాక్టరమ్మకు ఆ మెప్పు చేదుగా తగిలింది. ఏడిస్తే ఎవరో ఒకరు వస్తారని నమ్మకం ఉన్న పిల్లలే ఏడుస్తారు. ఒక్క ఆయాకు బోలెడంతమంది పిల్లలున్న చోట, ఏడుపువల్ల లాభం లేదని పసివాళ్లు తొందరగానే తెలుసుకుంటారు. రుమేనియా అనాథాశ్రమాల పిల్లల మీద బుకారెస్ట్‌లో 2000లో మొదలైన అధ్యయనం ఈ లేమి మెదడు ఎదుగుదలనే ఎలా దెబ్బతీస్తుందో చూపించింది. పెంపుడు కుటుంబాల్లోకి, అందులోనూ రెండేళ్లలోపే వెళ్లిన పిల్లలు బాగా కోలుకున్నారని కూడా అదే చెప్పింది. తండ్రికి ఇదంతా ఆరోజే చెప్పడం ఎందుకని ఆవిడ ఊరుకుంది.

మొదటి నెలల్లో ఇంటికి చుట్టాల్ని పిలవొద్దనీ, అన్నం తల్లిదండ్రులే తినిపించాలనీ, తిండి దగ్గర బలవంతం చేయొద్దనీ దత్తత సంస్థవాళ్లు నేర్పి పంపారు. ఆ మాట అక్షరాలా పాటించారు. బ్రిడ్జ్‌వాటర్ గుడికి వెళ్లలేదు, పుట్టినరోజు పార్టీలకు వెళ్లలేదు. ఆదివారమంటే తండ్రి పెసరట్లు పోయడం, తల్లి తలకు నూనె రాయడం, పాప డైనింగ్ టేబుల్ కింద బొమ్మలతో కూర్చోవడం. అట్టు ముక్క ఒకటి దిండు కింద దాచుకోవడం కూడా. మళ్లీ దొరుకుతుందో లేదోనన్న భయం అది. దాన్ని తిట్టకూడదని వాళ్లకు తెలుసు.

అంత ప్రశాంతమైన పూట చేదు చెంచా పట్టుకుని నిలబడాల్సింది తల్లి. "బలవంతం చేయొద్దన్నారు, మీరేమో వేసి తీరాలంటున్నారు. నన్ను చూస్తేనే భయపడుతుందేమో మేడమ్" అందామె. నిజమే, ఆ మాటకు డాక్టరమ్మ దగ్గర కూడా తేలికైన జవాబు లేదు. చెంచా తండ్రి పట్టుకోవాలి, మందు అవగానే తల్లి ఎత్తుకోవాలి అని ఒక ఏర్పాటు మాత్రం చెప్పింది.

అయిదో ఆదివారం మధ్యాహ్నం బొమ్మ చెయ్యి ఊడిపోయిందని పాప ఏడ్చింది. ఆ ఇంట్లో గొంతెత్తి ఏడవడం అదే మొదలు. తల్లి పరుగున వెళ్లి చూస్తే కన్నీళ్లు నారింజరంగులో ఉన్నాయి. అంతే, మందు ఆపేశారు. ఫోను కూడా చేయలేదు. అప్పుడే నెట్టులో ఎవరో ఈ మందుకు లివరు చెడుతుందని రాసింది చదివారు. మూడు నెలల తర్వాత వ్యాక్సిన్ కోసం వచ్చినప్పుడు బయటపడింది.

"రిఫాపెంటిన్ వేస్తే కన్నీళ్లు, మూత్రం, చెమట అన్నీ నారింజరంగులో వస్తాయని కాగితం ఇచ్చానా లేదా? ఫ్రిజ్ మీద అంటించమన్నానా లేదా?" డాక్టరమ్మ గట్టిగానే అరిచింది. మరుక్షణం, "ఏడ్చిందా? ఎంతసేపు? ఎత్తుకుంటే ఆగిందా?" అని కుర్చీ ముందుకు జరుపుకుంది. ఆ తల్లిదండ్రులకు ఆవిడ కోపంలో ఉందో సంతోషంలో ఉందో అర్థం కాలేదు. ఆవిడకూ కాలేదు. పదహారు వారాల్లో కనీసం పదకొండు మోతాదులు పడితే పూర్తయినట్టు లెక్క. అయిదింటికే ఆగిపోయింది కనక మళ్లీ ఒకటి నుంచి మొదలు.

వీళ్లు నయం. తనే గుండె డాక్టరైన ఇంకో తండ్రి, దత్తత కొడుకుకు వచ్చిన పాజిటివ్ ఫలితాన్ని "ఇండియన్స్ అందరికీ ఇంతే" అని కొట్టిపారేశాడు. రెండేళ్లకు పిల్లాడికి మెడ దగ్గర బిళ్ల కట్టింది. వారానికోసారి పన్నెండు మోతాదులతో పోయేదానికి ఆరునెలల చికిత్స, మొదటి రెండునెలలు నాలుగు రకాల మందులు. తగ్గిపోయింది, పిల్లాడు సాకర్ ఆడుతున్నాడు. "గుండె డాక్టరువి, గుండె చూసుకో" అన్న మాట ఆవిడ నాలుక చివరిదాకా వచ్చి ఆగింది.

ఆ తండ్రి అన్నదాంట్లో సగం నిజముంది. 2019–21 జాతీయ సర్వేలో, పదిహేనేళ్లు పైబడిన భారతీయుల్లో దాదాపు 31 శాతం మంది ఒంట్లో క్షయ క్రిమి ఉన్నట్టు తేలింది. అయినా పాప విషయం తెలిసి, "తెచ్చుకున్న పిల్లకి ఆ జబ్బా!" అని గుంటూరు నుంచి నాయనమ్మ ఫోనులో దీర్ఘం తీసింది. "ఆవిడ ఒంట్లో ఉందో లేదో ముందు చూపించుకోమనండి బాబూ" అంది డాక్టరమ్మ.

రెండోసారి పన్నెండూ పడ్డాయి. పాప ఈసారి ప్రతి వారం అరిచి గోల పెట్టింది, ఒకసారి చెంచా విసిరికొట్టింది. చివరన డాక్టరమ్మ ఒక లేఖ రాసి ఇచ్చింది. చికిత్స పూర్తయినా పరీక్ష పాజిటివ్‌గానే ఉండిపోవచ్చు. రేపు స్కూల్లోనో కాలేజీలోనో ఎవరైనా మళ్లీ పరీక్ష చేస్తామంటే చేయించకుండా ఇది చూపించండి, పాస్‌పోర్టుతోపాటు దాచండి అంది. ఆ జబ్బు పేరున్న కాగితం పిల్ల ఫైల్లో ఉండాలా అని తల్లి కాస్త జంకింది. ఉండాల్సిందే అంది ఆవిడ.

మాటల్లో పాప తండ్రి తన సంగతి బయటపెట్టాడు. ఎమ్మెస్‌కు వచ్చినప్పుడు యూనివర్సిటీలో చర్మపరీక్ష చేస్తే చెయ్యి ఉబ్బిందట, ఎవరూ పట్టించుకోలేదట. మీ డాక్టరు దగ్గరికెళ్లి ఇగ్రా చేయించుకోమని ఆవిడ చీటీ రాసిచ్చింది. చీటీ తీసుకుని పర్సులో పెట్టుకున్నాడు. చేయించుకున్నారా అని తర్వాతి విజిట్లో అడిగితే, "నాకేం మేడమ్, దగ్గు కూడా లేదు" అన్నాడు.