సుగ్గికి పోయినోళ్ల ఖాతా

కౌతాళం నుంచి ఏటా సుగ్గికి గుంటూరు వైపు మిరపకాయలు తెంపేకి, పత్తి తీసేకి పోయేవాళ్ల సంగతి మనకు కొత్త కాదు. ఇంటికి తాళం, పిల్లలు నానీ దగ్గర. ఎవరు ఏ ఊళ్లో ఉన్నారో, ఆపదొస్తే ఏ నంబరుకు చేయాలో మా మొహల్లాలో నోటుబుక్కులో రాసేవాళ్లు. దాని బదులు నేను జాంగోలో ఒక చిన్న ఫారం చేసినా.

జాంగో 2003లో అమెరికాలో, కాన్సాస్‌లోని లారెన్స్ పట్నంలో ఒక పత్రికాఫీసులో పుట్టింది. 2005లో అందరికీ ఉచితంగా విడుదల చేసినారు. దాని తరీఖా సాదా. పేరు, పోయిన ఊరు, ఫోను అని మోడల్ రాసి, మేక్‌మైగ్రేషన్స్, మైగ్రేట్ అని రెండు హుకుంలు ఇస్తే డేటాబేస్‌లో పట్టిక తయారు. ఆ మోడల్ నుంచే మోడల్‌ఫారం వస్తుంది. నింపి పంపినాక ఈజ్ వ్యాలిడ్ అనే దర్బాన్ చూస్తాడు. వాడు ఇజాజత్ ఇస్తేనే సేవ్ చేస్తాం, లేకుంటే ఎక్కడ తేడా ఉందో రాసి ఫారం వెనక్కి. సేవ్ అయినాక వేరే పేజీకి పంపాలి. లేదంటే రిఫ్రెష్ కొట్టినప్పుడు అదే మనిషి రెండుసార్లు దాఖలవుతాడు.

దర్బాన్‌కు సొంత అఖల్ లేదు, మనం పెట్టిన షరతులే. అసలు జిమ్మేదారీ అక్కడుంది. ఇంటిపేరు గడి తప్పనిసరి అంటే మనవాళ్లు ఏం రాయాలి? షేక్ ముందుంటుంది, బీ, బేగం వెనకుంటాయి. అందుకే పూర్తి పేరుకు ఒకటే గడి పెట్టినా. ఫోను నంబరు యూనిక్ అంటే, ఇంటికంతా ఒకే ఫోను ఉన్నచోట అబ్బా పేరు ఎక్కుతుంది, అమ్మీ పేరు ఎక్కదు. ఆ షరతూ వద్దనుకున్నా. నోటుబుక్కులో అయితే హాషియాలో ఇరికించొచ్చు, పట్టికకు హాషియా లేదు.

ఆధార్ నంబరు కూడా అడగమని కొందరన్నారు. నేను ఒప్పుకోలేదు. ఖైరియత్ కనుక్కునేదానికి అది ఎందుకు? పైగా ఏ ఇంటికి తాళముందో చెప్పే ఖాతా ఇది. చోర్ చేతికి చిక్కితే వాడికి తోవ చూపినట్లే. ఇది అమానత్. అందుకే జాబితా చూసే పేజీకి లాగిన్ పెట్టినా, అదీ ఇద్దరికే. సుగ్గి ముగించి ఇల్లు చేరినోళ్ల వరుస తుడిచేసేకి ఒక బటన్ కూడా ఉంది.