విశాఖలో ఫిడేలు

పిల్లలూ! విశాఖపట్నం వెళితే సముద్రం ఒక్కటే చూసి తిరిగి వచ్చేయకండి. పాతపట్నంలో రేవు ముఖద్వారం దగ్గర మూడు కొండలున్నాయి. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద మేరీమాత చర్చి, ఇంకొకదాని మీద దర్గా. సాయంకాలం కింద నిలబడి కాసేపు చెవి ఒగ్గండి. గుడిగంట ఒకవైపు, చర్చిగంట మరొకవైపు, రేవులోంచి ఓడ కూత. కళ్లు మూసుకున్నా ఏ ధ్వని ఎటునుంచి వచ్చిందో చెప్పగలరు కదూ?

ఈ సంగతినే పట్టుకుని వెనకటికి ఒకాయన సంగీతం కట్టాడు. ఆయన పేరు జొవాన్ని గబ్రియేలి. ఇటలీలోని వెనిస్ ఆయన ఊరు. అదీ మన విశాఖలాగే రేవుపట్నం. అక్కడి సెయింట్ మార్క్ చర్చిలో ఆయన ఆర్గన్ వాయించేవాడు. ఆ చర్చిలో ఎదురెదురుగా రెండు ఆర్గన్ మేడలున్నాయి. అటువంటి చోట, వాద్యగాళ్లను జట్లుగా విడదీసి, ఒక జట్టు అడిగినట్టూ, రెండోది బదులు చెప్పినట్టూ వాయించే సంగీతం బాగా పెరిగింది.

1597లో అచ్చయిన ఆయన రచన ఒకటి చూడండి. మొదటి జట్టులో తోలు చుట్టిన కర్రబూర ఒకటి, మూడు ట్రాంబోనులు. ట్రాంబోను అంటే గొట్టాన్ని ముందుకూ వెనక్కూ జరుపుతూ ఊదే ఇత్తడి బూర. రెండో జట్టులోనూ మూడు ట్రాంబోనులే, వాటితో ఒక ఫిడేలు. పాడేవాడు ఒక్కడూ లేడు! ఏ వాద్యం ఏ భాగం వాయించాలో, ఎక్కడ మెల్లగా, ఎక్కడ గట్టిగా వాయించాలో రాసిపెట్టాడు. అప్పటికి అది చాలా కొత్త. ఆ రచన పేరే "మెల్లగా, గట్టిగా సొనాటా".

అప్పటికి ఫిడేలు పసిది. 16వ శతాబ్దం నడుమ క్రెమోనా అనే ఊళ్లో ఆంద్రేయా అమాటి దానికి మంచి రూపు తెచ్చాడు. ఆనాటి తీగలు గొర్రెపేగుతో చేసినవి. ఉక్కుతీగ చాలా కాలానికి గాని రాలేదు. ఉక్కునగరం పిల్లలు ఈ మాట గుర్తుంచుకోవాలి మరి!

ఆ ఫిడేలు తెల్లవాళ్లతో ఓడలెక్కి మన దేశం చేరింది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి మద్రాసులో దాన్ని నేర్చి మన సంగీతంలోకి తెచ్చారు. మనవాళ్లు దాన్ని కింద కూర్చుని, కొసను పాదానికి ఆనించి వాయించారు. అయితే దానికి దొరికింది పక్కవాద్యం పీటే. గాయకుడు ఎటు వెళితే అటు వెళ్లాలి.

విజయనగరంలో 1919లో మహారాజావారు సంగీత కళాశాల పెట్టారు. కాశింకోటలో పెరిగిన ద్వారం వెంకటస్వామినాయుడుగారు అక్కడ విద్యార్థిగా చేరదామని వెళ్లారు. వాయించమన్నారు, వాయించారు. విన్నవాళ్లు ఆయన్ను విద్యార్థిగా కాదు, ఉపాధ్యాయుడిగా తీసుకున్నారు! నేను ఎన్నో ఏళ్లు బడిలో ప్రవేశాలు రాశాను గాని ఇటువంటిది ఒక్కటీ రాయలేదు.

నాయుడుగారికి చూపు తక్కువ. కాని ఆయన చేతిలో ఫిడేలు గాయకుడి వెనకనుంచి ముందుకు వచ్చింది. 1938లో వెల్లూరులో ఫిడేలే ప్రధానంగా కచేరీ చేశారు. వెనిస్‌లో ఎనిమిది వాద్యాలు కలిసి చేసిన పనిని ఇక్కడ ఒక్క ఫిడేలు చేసింది. జనం ఆయన్ను "ఫిడేలు నాయుడుగారు" అని పిలుచుకున్నారు. 1952లో యెహుదీ మెనుహిన్ అనే జగత్ప్రసిద్ధ వాద్యకారుడు మద్రాసు వచ్చినప్పుడు నాయుడుగారి ఫిడేలు కూర్చుని విన్నాడు.

ఆయన 1964లో పోయారు. విశాఖ బీచ్ రోడ్డులో ఆయన విగ్రహం ఉంది. మీతో వచ్చిన పెద్దవాళ్లను ఎక్కడని అడిగి చూడండి. అలలు అక్కడ మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి వినిపిస్తాయి.