ఫ్యూజు ఎక్కడ పెట్టావు?

ఇంజిన్ ఆపేశాక కూడా బానెట్ సందులోంచి పొగ వస్తూనే ఉంది.

పోయిన అక్టోబరులో ఒక గురువారం రాత్రి, నోవై దాటి సౌత్ లయన్ వైపు వెళ్ళే టెన్ మైల్ రోడ్డు మీద జరిగిందిది. మా అమ్మాయి స్విమ్మింగ్ ప్రాక్టీసు అయ్యాక ఇంటికి వస్తున్నాం. డ్రైవింగ్ సీట్లో తనే ఉంది. లెర్నర్స్ పర్మిట్ వచ్చి రెండు నెలలు కూడా కాలేదు. పక్క సీట్లో నేను. పొగ కంటే ముందు నాకు వాసన తెలిసింది. కాలిన వైరు వాసన నాకు చిన్నప్పటి నుంచీ పరిచయమే, సాయంత్రం ఇంటికొచ్చిన నాన్న చొక్కాకి ఉండేది. "పక్కకి ఆపు, తాళం తీసెయ్, దిగు" అన్నాను. దిగింది. రోడ్డుకి దూరంగా పొమ్మంటే పోయి, చెట్టు పక్కన వణుకుతూ నిలబడింది.

ఆ పొగకి కారణం నేనే. మూడు వారాల ముందు ఆ వైరు వేసింది నా చేతులే.

మనలో చాలామందిమి ఇక్కడికొచ్చాక నేర్చుకోని పని లేదు. కుళాయి మార్చుకుంటాం, గోడలకి రంగులేసుకుంటాం, మంచు తోసుకుంటాం. కరెంటు పని అనేసరికి మాత్రం "అమ్మో, మనకెందుకు" అంటాం. మా ఉగాది పాట్‌లక్‌లో ఈ సంగతి చెప్తే ఒక అక్క ఆ మాటే అంది. నేను ఆ "అమ్మో" అననిదాన్ని. అదే నా గొప్పా, అదే నా కొంపా ముంచింది.

కారు సంగతి చెప్పాలి. మావారి ఉద్యోగం పోయి, మళ్ళీ డాలస్‌లో దొరికింది. వారమంతా అక్కడ, శని ఆదివారాలు ఇక్కడ. మంచి కారు ఆయన తీసుకెళ్ళారు. నాకూ అమ్మాయికీ కలిపి, మా వీధిలో రిటైరైన పెద్దాయన దగ్గర 1993 మోడల్ స్టేషన్ వ్యాగన్ 1800 డాలర్లకి కొన్నాం. ఇంజిన్ బంగారం. హెడ్‌లైట్లు మాత్రం కిరోసిన్ దీపాలు. మా వైపు రోడ్లకి వీధి దీపాలుండవు, అక్టోబరు నవంబరుల్లో జింకలు గుంపులుగా అడ్డం వస్తాయి. ఆ వెలుగులో నేను నడపడానికే భయపడేదాన్ని, ఇంక పదహారేళ్ళ పిల్ల!

బల్బులు మార్చాను, అద్దాలు పాలిష్ చేశాను. పెద్దగా తేడా లేదు. అప్పుడు మల్టీమీటరు పెట్టి చూశాను. ఇంజిన్ నడుస్తుంటే బ్యాటరీ దగ్గర 14.1 వోల్టులు. లైట్లు వేసి, బల్బు వెనక రెండు పిన్నుల మధ్య చూస్తే 11.6. మిగతా రెండున్నర వోల్టులు దారిలోనే పోతున్నాయి.

ఎందుకంటే ఆ కాలపు చాలా కార్లలాగే మా కారులోనూ హెడ్‌లైట్ల కరెంటు మొత్తం బ్యాటరీ నుంచి డాష్‌బోర్డు దాకా వెళ్ళి, స్టీరింగ్ పక్క స్విచ్ గుండా తిరిగి ముందుకొచ్చి బల్బుల్ని చేరుతుంది. ఒక్కో బల్బు 55 వాట్లు. రెండింటికీ కలిపి ఎనిమిది తొమ్మిది ఆంపియర్లు, సన్నటి పాత వైర్లలో, అరిగిన స్విచ్‌లో. కింద మోటారు బలంగానే ఉన్నా, పై అంతస్తుకి సన్నపైపు వేస్తే ధార ఎలా పడుతుందో తెలుసుగా, అలాగ. పైగా హాలోజెన్ బల్బుకి వోల్టేజి పది శాతం తగ్గితే వెలుగు సుమారు ముప్పై శాతం తగ్గుతుంది. ఆ లెక్కన నా బల్బుల వెలుగులో సగం పోతోంది.

దీనికి మందు రిలే. అగ్గిపెట్టె కంటే చిన్న నల్ల డబ్బా. వెనక 30, 85, 86, 87 అని అంకెలుంటాయి. బ్యాటరీ నుంచి లావు వైరు 30కి, 87 నుంచి బల్బుకి. పాత హెడ్‌లైటు వైరు 85, 86లకి వస్తుంది, దాని పని ఇక రిలేని టిక్కుమనిపించడమే. దానికి ఆంపియరులో ఐదో వంతు కూడా అక్కర్లేదు. స్విచ్ మీద బరువు పోతుంది, బల్బుకి పూర్తి తిండి దొరుకుతుంది.

షాపులో అడిగితే నాలుగు వందలన్నారు. ఆన్‌లైన్‌లో కిట్ పాతిక డాలర్లు. ఒక ఆదివారం మధ్యాహ్నం నాలుగు గంటల్లో బిగించేశాను. చీకటి పడ్డాక గరాజ్ తలుపు మీద లైట్లు వేస్తే తెల్లగా విరగబూసినట్టుంది. ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. తమ్ముడు చప్పట్లు కొట్టాడు. నాన్న మాత్రం "బాగుందమ్మా. లోపల ఫోటో పెట్టు" అని రాశారు. నేను పెట్టలేదు. లోపల వైర్లు అంత అందంగా లేవు మరి.

ఇక ఆ గురువారం. ఇంజిన్ ఆగినా పొగ ఆగలేదంటే అర్థం ఒకటే, తాళంతో సంబంధం లేకుండా బ్యాటరీ నుంచే ఏదో కాలుతోంది. (మీకెప్పుడైనా ఇలా జరిగి మంట కనబడితే, లేదా పొగ దట్టంగా ఉంటే, బానెట్ జోలికి వెళ్ళకండి. దూరం జరిగి 911కి ఫోన్ చెయ్యండి.) నాకు కనిపించింది సన్నటి పొగ. తెరిచాను. బ్యాటరీ ప్లస్ నుంచి నేను వేసిన ఎర్ర వైరు తొడుగు కరిగి కారుతోంది. డోరు అరలో పది నంబరు స్పానర్ ఉంటుంది. కారు కొనగానే అక్కడ పెట్టుకున్నాను, అది నాన్న అలవాటు. దాంతో మైనస్ క్లాంపు వదులు చేసి లాగేశాను. పొగ తగ్గింది. చూపుడు వేలు కాలిందని ఇంటికొచ్చాకే తెలిసింది.

అమ్మాయి టో ట్రక్కులో ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటి దగ్గర దిగుతూ, "నువ్వు చేసినప్పుడు ష్యూర్‌గానే ఉన్నావు కదమ్మా" అంది. తిట్టినా బాగుండేది.

నాన్నకి రెండు రోజులు చెప్పలేదు. ఆయనది విజయవాడ ఆటోనగర్‌లో లారీ వైరింగ్ షాపు. నలభై ఏళ్ళు నడిపారు. నన్ను షాపు గుమ్మం దాటనిచ్చేవారు కాదు. క్యారేజీ ఇచ్చి బయటినుంచే తిరిగి రావాలి. "నీకెందుకమ్మా ఈ మసి" అనేవారు. బహుశా ఆ కసితోనే ఇంజనీరింగులో ఎలక్ట్రికల్ తీసుకున్నాను. తీరా చేసే ఉద్యోగం టెస్టింగ్, అది వేరే విషయం.

శనివారం రాత్రి తొమ్మిదికి, అక్కడ ఆదివారం ఉదయం ఆరున్నరకి, వీడియో కాల్ చేసి జరిగింది చెప్పాను. ఆయన కాఫీ గ్లాసు పక్కన పెట్టారు.

"ఫ్యూజు ఎక్కడ పెట్టావు?"

"రిలే పక్కన, నాన్నా. కిట్‌లో అలాగే ఉంది."

"బ్యాటరీ నుంచి రిలేకి ఎంత దూరం?"

"రెండు మూరలుంటుంది."

"మరి ఆ రెండు మూరలకీ కాపలా ఎవరు?"

నా దగ్గర జవాబు లేదు. ఫ్యూజు బల్బుని కాపాడటానికని అనుకునేదాన్ని. ఫ్యూజు కాపాడేది వైరుని. అదీ తన తర్వాత ఉన్న వైరుని మాత్రమే. బ్యాటరీ ట్రే రేకు అంచుకి నా వైరు మూడు వారాలు రాసుకుని, తొడుగు తెగి, బాడీకి తగిలింది. బ్యాటరీకీ ఆ చోటుకీ మధ్య ఆపడానికి ఏమీ లేదు. అలాంటి షార్టులో కారు బ్యాటరీ వందల ఆంపియర్లు తోసేస్తుంది. ముందున్న ఫ్యూజు మాత్రం చెక్కు చెదరలేదు, కరెంటు దాని దాకా వస్తే కదా.

ఇంత చెప్పాక ఆయన కాసేపు ఊరుకున్నారు. తర్వాత, "మనింటికి సంక్రాంతికి వచ్చేవాడు, కుడి చెయ్యి ముడతలు పడి ఉండేది, గుర్తున్నాడా?" అన్నారు.

గుర్తున్నాడు. అమ్మ అతనికి అరిసెలు డబ్బాలో కట్టిచ్చేది. దూరపు చుట్టం అనుకునేదాన్ని.

అతను ఒక లారీ క్లీనర్. నాకు నాలుగేళ్ళప్పుడు, నూజివీడు నుంచి మామిడికాయల లోడుతో వెళ్తున్న లారీకి ముందు రంగు బల్బుల వరస పెట్టమని డ్రైవరు తొందరపెట్టాడట. నాన్న బ్యాటరీ నుంచి నేరుగా వైరు లాగి ఇచ్చారు. ఫ్యూజు వెయ్యలేదు. "తిరుగు ప్రయాణంలో వేస్తాన్లే అనుకున్నాను." ఆ రాత్రి దారిలో వైరు అంటుకుంది. క్లీనరు కుర్రాడు చేత్తో పీకేశాడు. లారీ మిగిలింది, చెయ్యి పోయింది.

"అప్పటినుంచీ మీ ఇద్దర్నీ షాపులోకి రానివ్వలేదు" అన్నారు.

తమ్ముడు ఆదివారాలు షాపుకి వెళ్ళడం నాకు బాగా గుర్తు. టెస్ట్ ల్యాంపు పట్టుకున్న ఫోటో కూడా ఉంది ఇంట్లో. కానీ ఆ పొద్దున ఆయన మొహం చూసి ఆ మాట అడగలేదు. ఇప్పటికీ అడగలేదు.

మళ్ళీ మొదటినుంచి చేశాను. కాలిన వైరు గీకి చూస్తే లోపల రాగి లేదు, రాగి పూత పూసిన అల్యూమినియం. కిట్ మొత్తం చెత్తలో వేసి, అసలు రాగి వైరు పన్నెండు గేజ్‌ది కొన్నాను. గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావు, ఇది మొదట్లో తికమక పెడుతుంది. పదిహేను ఆంపియర్ల ఫ్యూజు ఈసారి బ్యాటరీకి జానెడు దూరం లోపే పెట్టాను. రేకు దగ్గరికి వెళ్ళే ప్రతి చోటా వైరుకి గొట్టం తొడిగి, ఎక్కడా ఊగకుండా కట్టాను. ఎర్తు కోసం బాడీ మీద పెయింటు గీకి, రేకు మెరిసేదాకా రుద్దాను. మన మిచిగన్‌లో చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పు వైర్ల జాయింట్లని పచ్చగా తినేస్తుంది, అందుకని జిగురున్న హీట్ ష్రింక్ ట్యూబు వేశాను. సోల్డరింగ్ చేద్దామనుకుంటే నాన్న వద్దన్నారు, అదురుకి సోల్డరు ఆగిన చోట వైరు విరుగుతుందట. మంచి క్రింపింగ్ టూలుకి నలభై డాలర్లయింది. అన్నీ కలిపితే షాపువాళ్ళడిగినదాంట్లో సగం దాకా వచ్చింది, టో ట్రక్కు ఖర్చు వెయ్యకుండానే. పని తెలిసిన మనిషి దొరికితే ఆ నాలుగు వందలూ ఇచ్చెయ్యడం తప్పేమీ కాదని ఇప్పుడంటాను.

అమ్మాయి మూడు వారాలు ఆ కారెక్కలేదు. పని చేస్తున్నప్పుడు మాత్రం గరాజ్ గుమ్మంలో నిలబడి చూసేది. రెండో శనివారం లోపలికొచ్చి టార్చి పట్టుకుంది. "ముందు మైనస్ ఎందుకు తీస్తావు?" అని అడిగింది. ప్లస్ విప్పుతుంటే స్పానర్ బాడీకి తగిలితే నిప్పురవ్వలొస్తాయి, మైనస్ ముందే తీసేస్తే ఆ భయం లేదని చెప్పాను. ఆఖరి నాలుగు క్రింపులు తనే వేసింది. నాన్న వీడియోలో చూస్తూ, "లాగి చూడమనమ్మా, గట్టిగా" అన్నారు. లాగింది. ఒకటి ఊడొచ్చింది. మళ్ళీ వేసింది.

ఇంజిన్ వేసి, లైట్లు వేసి, మీటరు తనే పట్టింది. బల్బు దగ్గర 13.7.

"డ్రైవ్ చేస్తావా?" అన్నాను.

"ముందు నువ్వు చెయ్యి" అంది.

సౌత్ లయన్ దాకా వెళ్ళొచ్చాం. దారిలో రెండుసార్లు ఆపించి, బానెట్ ఎత్తి ఫ్యూజు వైపు వైరుని చేత్తో తాకి వేడిగా ఉందేమో చూసింది. తిరిగొచ్చేటప్పుడు తనే నడిపింది. ఇంటికొచ్చి దిగుతూ నా వైపు డోరు అరలోంచి పది నంబరు స్పానర్ తీసి, తన వైపు పెట్టుకుంది.