మా తమ్ముడు చూడని స్టేజీలు

తేలిక స్థాయి పెడితే వీడియోగేమ్ చెడిపోతుందని చాలా ఏళ్లు గట్టిగా నమ్మాను. నమ్మి ఊరుకోలేదు, ఇంట్లో అమలు కూడా చేశాను. నష్టపోయింది మా తమ్ముడు.

తొంభైల్లో ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లో రైల్వే క్వార్టర్ మాది. నాన్న వర్క్‌షాప్‌కి వెళ్లగానే టీవీకి గేమ్ తగిలించేవాళ్లం. కాసెట్‌లో 'కాంట్రా' ఉండేది. ఆటకి మూడే లైఫులు, తూటా తగిలితే ఒకటి పోయినట్టే. స్కూల్లో ఒక బెంగాలీ స్నేహితుడు చీట్ కోడ్ చెప్పాడు: పైకి రెండుసార్లు, కిందికి రెండుసార్లు, ఎడమ, కుడి, మళ్లీ ఎడమ, కుడి, ఆపైన బి, ఏ. ముప్పై లైఫులొస్తాయి. నేను మూడింటితోనే ఎనిమిది స్టేజీలూ దాటినవాణ్ణి. తమ్ముడు కోడ్ కొడతానంటే "దొంగాట ఆడతావా?" అని కసిరేవాణ్ణి.

మూడో స్టేజీ జలపాతం. ఇద్దరు ఆడుతుంటే ముందున్నవాడు ఎక్కేకొద్దీ తెర పైకి జరుగుతుంది, కింద ఉండిపోయినవాడు చస్తాడు. నేను ఆగేవాణ్ణి కాదు. వాడు అక్కడే పోయేవాడు. కొన్నాళ్లకు జాయ్‌స్టిక్ పక్కన పెట్టేసి గ్రౌండుకి పోవడం మొదలెట్టాడు. వాడికి ఆసక్తి లేదనుకున్నాను.

2019లో 'సెకిరో' అనే ఆట వచ్చినప్పుడు, దానికి తేలిక స్థాయి ఉండాలా వద్దా అని ఆడేవాళ్లంతా వాదించుకున్నారు. నేను వద్దన్నవాళ్ల పక్షం. ఆ తర్వాత ఒక సంక్రాంతికి తమ్ముడి ఇంటికెళ్తే వాడి కూతురు 'సెలెస్ట్' ఆడుతోంది. 2018లో వచ్చిన కొండెక్కే ఆట, చాలా కష్టమైనది. కానీ అందులో అసిస్ట్ మోడ్ ఉంది, ఆట వేగాన్ని సగం దాకా తగ్గించుకోవచ్చు. తమ్ముడు తగ్గించి ఇచ్చాడు. పిల్ల పడుతూ లేస్తూ ఎక్కి, కాసేపటికి తనే "నాన్నా, ఇప్పుడు కొంచెం పెంచు" అంది.

తమ్ముడు మామూలుగానే నావైపు తిరిగి అడిగాడు: "కాంట్రాలో జలపాతం తర్వాత ఏముంటుందన్నయ్యా? నేనెప్పుడూ చూళ్లేదు."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. నాకు మాత్రం నోట మాట రాలేదు. మా వీధిలో చిన్నపిల్లల్ని ఆటలో అరటిపండుగా చేర్చుకునేవాళ్లం. ఔటయినా వాళ్లు ఔట్ కాదు. అలా మాతో పరిగెత్తే, తర్వాత అసలు ఆటగాళ్లయ్యేవారు. దాంతో మా ఆటేమీ చెడలేదు. వీధిలో అంత బాగా తెలిసిన సంగతిని టీవీ ముందు మరిచిపోయాను.

ఆ ముప్పై లైఫుల కోడ్ ఎలా పుట్టిందో తర్వాత చదివాను. కాంట్రా తయారుచేసిన కొనామీ కంపెనీలోనే కజుహిసా హషిమోటో 1986లో 'గ్రేడియస్' అనే ఆటని ఇళ్లలో ఆడుకునే యంత్రానికి మారుస్తూ, పరీక్షించబోతే ఆట తనకే మరీ కష్టంగా ఉందని పెట్టుకున్నాడట. తయారుచేసినవాడికే అవసరమైన సాయాన్ని నేను దొంగాట అన్నాను.

కష్టానికి విలువ లేదనను. మూడు లైఫులతో గెలిచిన ఆనందం నాకింకా గుర్తుంది. కానీ ఏది కష్టమో తేల్చాల్సింది ఆడే చెయ్యి. నాకు మూడు లైఫులెంతో, ఐదేళ్లు చిన్నవాడికి ముప్పై అంతే. వాడి ముప్పై నా గెలుపులోంచి ఏమీ తీసుకోవు. అవి ఇవ్వకపోతే మాత్రం వాడు ఆటలోంచే వెళ్లిపోతాడు.

మీ ఇంట్లో ఒక చిన్నవాడో, చూపు తగ్గిన పెద్దాయనో జాయ్‌స్టిక్ పక్కన పెట్టేస్తే, ఆసక్తి లేదని తేల్చేయకండి. సెట్టింగులు తెరిచి, తమకెంత కావాలో వాళ్లనే పెట్టుకోనివ్వండి.