మృగశిర కబుర్లు: చోటు చూసి మొక్క

మృగశిర కార్తె నాడు చేపల బజారులో కాలు పెట్టే చోటుండదు. ఈమధ్య మొక్కల బండ్ల దగ్గరా అదే సందడి. రోహిణి ఎండలకు మాడిన నేల మీద నాలుగు చినుకులు పడగానే అందరి మనసూ తోట మీదకి పోతుంది. బేరమాడి, మొగ్గలున్న మందారం, రంగురంగుల క్రోటన్లు, గుత్తులుగా పూసిన నూరువరహాలు ఆటోలో ఎక్కించుకొస్తారు. దసరాకి చూస్తే వాటిలో సగం పుల్లలు. "మా చెయ్యి మంచిది కాదండీ" అని నిట్టూరుస్తారు. చేతిదేం తప్పు లేదు. పూలు చూసి కొన్నారు గానీ, పెట్టే చోటు చూసుకోలేదు.

మన దగ్గర అమ్మే మొక్కల్లో చాలావాటి పుట్టిల్లు కడియం. రాజమహేంద్రవరం నుంచి కడియపులంక వైపు వెళ్తే రోడ్డుకి రెండు పక్కలా నర్సరీలే. గోదావరి కాలువ నీళ్ళు, ఒండ్రుమట్టి, గాలిలో తేమ, నెత్తిన ఆకుపచ్చ పరదా నీడ. అంత సుఖంగా పెరిగిన మొక్కని తెల్లారేసరికి హైదరాబాద్ మేడ మీద కాంక్రీటు సెగలో నిలబెడితే ఆకులు రాల్చక ఏం చేస్తుంది? తెచ్చాక వారం పదిరోజులు వరండాలోనో చెట్టు కిందో ఉంచి, మెల్లగా ఎండ అలవాటు చేసి, అప్పుడు కుండీ మార్చండి.

ఇక అపార్ట్‌మెంటు బాల్కనీల సంగతి. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. జూన్‌లో కనిపించే ఎండని నమ్మొద్దు. మే మొదలు ఆగస్టు తొలి రోజుల దాకా హైదరాబాద్‌లో మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. అందుకే ఇప్పుడు ఉత్తరం బాల్కనీలోకి ఎండ వస్తుంది, దక్షిణం వైపు నీడగా ఉంటుంది. "మాకు ఉత్తరం వైపు బ్రహ్మాండమైన ఎండండీ" అని మురిసి మల్లె తొట్టి పెడతారు. కార్తీకం వచ్చేసరికి సూర్యుడు దక్షిణానికి వాలిపోతాడు, ఉత్తరపు బాల్కనీకి నేరుగా ఎండ తగలదు. మల్లెకి రోజూ కనీసం ఐదారు గంటల ఎండ కావాలి. అది లేకపోతే ఆకు దట్టంగా వేస్తుంది, పువ్వు మాత్రం ఇవ్వదు. అలాంటి చోట కనకాంబరం, తమలపాకు తీగ, మనీప్లాంటు హాయిగా బతుకుతాయి. కనకాంబరానికి పల్చటి నీడ ఉంటే ఇంకా మంచిది. దక్షిణం బాల్కనీ ఉన్నవాళ్ళు ఇప్పుడు తొందరపడనక్కర్లేదు. చలికాలం ఎండంతా మీదే, చామంతులు అక్కడ పెట్టుకోండి. పడమటి బాల్కనీ వాళ్ళకి మాత్రం నా సానుభూతి. మూడు గంటల ఎండకి తట్టుకు నిలబడేవి కాగితం పూలే.

నేల ఉన్న అదృష్టవంతులు ఒక పని చెయ్యండి. మూరెడు గుంత తవ్వి బకెట్టు నీళ్ళు పొయ్యండి. చూస్తుండగానే ఇంకిపోతే ఎర్ర చెలక గుణం. సీతాఫలం, ఉసిరి అక్కడ సంతోషంగా ఉంటాయి. పాలమూరు గుట్టల్లో నీళ్ళు పోసే నాథుడు లేకుండానే సీతాఫలం పండటం లేదూ? పేరున్న బాలానగర్ రకం ఆ జిల్లాదే. మర్నాడు కూడా నీళ్ళు అలాగే ఉంటే అది రేగడి. అక్కడ బొప్పాయిని చదునుగా నాటొద్దు. రెండు రోజులు నీళ్ళు నిలిస్తే చాలు, వేరు కుళ్ళి నిలువునా వాలిపోతుంది. మట్టి ఎత్తుగా పోసి, ఆ దిబ్బ మీద నాటాలి. స్నానాల నీళ్ళు పారే దారిలో అరటి, చేమ, మెట్టతామర పెట్టడం మన దొడ్ల పాత అలవాటు. ఆ పెద్దలకి ఏ హార్టికల్చర్ డిప్లొమా లేదు మరి. అయితే అరటికి పారే నీళ్ళు ఇష్టం, నిలిచే నీళ్ళు కాదు.

బోరు నీళ్ళు ఉప్పగా ఉన్న కాలనీల్లో నూరువరహాల ఆకు ఈనెలు పచ్చగా ఉండి మధ్యంతా పసుపైపోతుంది. ఎరువు చాలలేదనుకుని ఇంకా పోస్తారు. నిజానికి ఆ నీటి గుణానికి మట్టిలో ఉన్న ఇనుము కూడా మొక్కకి అందదు. వాననీళ్ళు పట్టి పొయ్యండి, లేదా ఆ మొక్క ఆశ వదులుకుని సపోటా పెట్టుకోండి. గన్నేరూ తట్టుకుంటుంది గానీ, ఆ చెట్టంతా విషమే. చిన్నపిల్లలున్న ఇంట్లో వద్దు.

ఈ చోటు చూడని తొందర ఇళ్ళదే కాదు, ఊళ్ళది కూడా. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చి విశాఖ చెట్లని కూల్చేశాక, తొందరగా పెరుగుతాయని ఏడాకుల పాల చెట్లు వీధి వీధికీ నాటారు. ఇప్పుడు శరదృతువు సాయంత్రాలు ఆ పూల ఘాటుకి కిటికీలు మూసుకునేవాళ్ళున్నారు. అడవిలో ఒక చెట్టు పూస్తే పరిమళమే, వరసగా నూరు పూస్తేనే తలనొప్పి. కోనోకార్పస్ కథా అంతే. పచ్చగా గోడ కట్టినట్టు పెరుగుతుందని పరుగెత్తి నాటారు. తర్వాత పుప్పొడి గురించి, పైపుల్లో దూరే వేళ్ళ గురించి ఫిర్యాదులు మొదలయ్యాయి. 2023లో గుజరాత్ దాన్ని నాటొద్దనేసింది. మన దగ్గరా మోజు తగ్గింది.

ఆషాఢం వస్తోంది కాబట్టి గోరింటాకు మాట. దానికి ఎండ కావాలి, అంతే. బీద నేల అయినా చాలు. 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే అనంతపురంలో కూడా దిగుల్లేదు. మునగ అలా కాదు. పెళుసు కొమ్మ, గాలికి విరిగి పడుతుంది. కారు నిలిపే చోటికి దూరంగా పెట్టండి. వానల్లో దాని మొదలు పట్టుకునే గొంగళిపురుగులు ఉండనే ఉన్నాయి.

నెల్లూరు వాళ్ళు ఈ కబుర్లకి కంగారు పడకండి. మీకు అసలు వానలు అక్టోబరు నుంచి. అప్పటిదాకా గుంతలు తవ్వి, పశువుల ఎరువు నింపి ఉంచుకోండి చాలు.

ఇక అమెరికాలో ఉన్న అమ్మాయిలు ఏటా అడిగే కరివేపాకు. డాలస్‌లో మంచు పడితే నేలలోది చచ్చిపోతుంది. కుండీలో పెట్టి చలికాలం ఇంట్లోకి తెచ్చుకోవాలి. ఇది నిమ్మకి చుట్టం. నారింజ తోటల్ని దెబ్బతీసే తెగులును మోసే చిన్న పురుగు దీని మీద బతుకుతుంది. అందుకే కాలిఫోర్నియా, ఫ్లోరిడా లాంటి చోట్ల ఈ మొక్కల రవాణాకి కట్టడి ఉంది. "వచ్చేటప్పుడు ఒక పిలక తేవమ్మా" అంటే మొహమాటపడకుండా కుదరదని చెప్పి, కావాలంటే కరివేపాకు పొడి కొట్టి పట్టుకెళ్ళండి.