అలుగు లేని వీధి



ఛందస్సు, సంధులు, నానార్థాల చుట్టూ తిరిగే ఈ పుటలో మురుగుకాలువ ప్రస్తావన చూసి మీరు ఆశ్చర్యపోవచ్చు. నిజానికి ఇదీ ఒక నానార్థం ముచ్చటే. ‘అలుగు’ను క్రియగా తీసుకుంటే కోపగించుకొనడం. నామవాచకంగా తీసుకుంటే, చెరువు నిండినప్పుడు అదనపు నీరు కట్టను తెంచకుండా పొర్లిపోయేందుకు విడిచిన చోటు. ముప్పై యేళ్ళకు పైగా తరగతి గదిలో ఈ రెండర్థాలూ చెప్పాను. ఆ రెండింటికీ ఉన్న సంబంధం మాత్రం 2024 సెప్టెంబరు 1వ తేదీన, మా మాచవరంలో, నా ఇంటి ముందే తెలిసింది.

మా పల్నాడుకు కరువుసీమ అన్న పేరే కాని వరదసీమ అన్న పేరు లేదు. మాచర్ల చంద్రవంక, కారంపూడి నాగులేరు వానకు ఉరికి, ఆ తరువాత రాళ్ళు తేలే ఏళ్ళు. ఎండిపోని ఏరున్న ఊళ్ళోనే కాపురముండమని సుమతీ శతకకారుడు చెప్పిన పద్యాన్ని పాఠం చెప్పేటప్పుడు, మా పిల్లలు కిటికీలోంచి ఎండిన పొలాల వైపు చూసేవారు. నాగార్జునసాగర్ కాలువలకు 1967లో నీరు వదిలిన తరువాత మాగాణి చూశాము. అయితే నీటి కోసం ఎదురుచూడడమే నేర్చుకున్నాము కాని, వచ్చిన నీటిని సాగనంపడం ఎన్నడూ నేర్చుకోలేదు.

ఉద్యోగ విరమణ డబ్బుతో ఊరి దిగువ అంచున అయిదు సెంట్ల స్థలం కొన్నాను. అంతకుముందు అది పొలం. దాని పక్కగా ఒక పంటబోదె ఉండేది. ప్లాట్లు వేసినవారు జేసీబీతో బోదెను పూడ్చి, నేల చదును చేసి, హద్దురాళ్ళు పాతారు. తూర్పు వాకిలి ఉన్నదా, కాగితాలు సరిగా ఉన్నవా అని అడిగాను. వాన కురిస్తే నీరెటు పోతుందని మాత్రం అడగలేదు. ఆ ప్రశ్న ఎవ్వరూ అడగలేదు.

ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ సలహా మీద నాలుగడుగుల ఎత్తున గ్రావెల్ తోలించి పునాది లేపాను. బండి లోపలికి ఎక్కడానికి సైడుకాలువ మీదుగా సిమెంటు ర్యాంపు పోయించి, నీటి కోసం దాని కింద తొమ్మిదంగుళాల పైపు వేయించాను. రెండడుగుల కాలువకు తొమ్మిదంగుళాల గొంతు! నన్ను చూసి తక్కినవారూ అట్లాగే చేశారు. ‘మాస్టారే చేశారు కదా’ అన్నది మా వీధిలో ప్రమాణ వాక్యమైంది. మొత్తం పదకొండు ర్యాంపులు. వీధి చివర పాత మట్టంలోనే మిగిలిపోయిన చిన్న ఇల్లు ఒక్కటి ఉన్నది. అందులో నా పూర్వ విద్యార్థి తల్లి ఒంటరిగా ఉంటుంది.

ఆ ఆదివారం ఉదయం నుండీ నేను ఫోను వదలలేదు. మా అమ్మాయి కాపురం విజయవాడ సింగ్‌నగర్‌లో. బుడమేరు నీరు తెల్లవారేసరికి వీధిలోకి, కాసేపటికి కింది వాటాలోకి వచ్చింది. పిల్లలతో పైఅంతస్తు చేరి, కరెంటు లేక, ఫోనులో ఛార్జింగు అయిపోతుందని రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసేది. నేనిక్కడ వసారాలో పచార్లు చేస్తూ, వాగు పొడవునా ఇళ్ళు కట్టినవారినీ కట్టనిచ్చినవారినీ నోటికి వచ్చినట్లు తిడుతున్నాను.

సాయంత్రం ఆ చివరి ఇంటావిడ వచ్చింది. చీర మోకాళ్ళ దాకా తడిసి ఉన్నది. చేతిలో సత్తుబిందె. రాత్రి నుండీ ఇంట్లో నీరు ఎత్తిపోస్తూనే ఉన్నదట. బియ్యపు డబ్బా, మంచం కింద పెట్టుకున్న ట్రంకుపెట్టె మునిగాయట. నేను గడప దాటి చూడనేలేదు. ఆమె నన్ను ఒక్కమాట అనలేదు. ‘పంతులుగారూ, మీరు చదువుకున్నోళ్ళు. ఈ నీళ్ళని ఎటు పొమ్మనాలో మీరే చెప్పండి’ అన్నది.

గొడుగు తీసుకొని ఆమె వెంట నడిచాను. ర్యాంపు ర్యాంపు దగ్గరా నీరు ఆగి, రోడ్డెక్కి, పల్లం వెతుక్కుంటూ ఆమె గుమ్మంలోకి పోతున్నది. మొదటి అడ్డు నాదే. పొద్దుటి నుండీ నేను తిట్టిన తిట్లన్నీ నాకే అప్పగించినట్లయింది.

బుడమేరు సంగతి కొంత తెలిసినదే. అది సహజంగా కొల్లేరుకు పోవలసిన వాగు. నగరాన్ని కాపాడడానికి వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, మళ్ళింపు కాలువ ద్వారా ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలిపారు. కృష్ణ నిండుగా లేనంతకాలం ఆ ఏర్పాటు మంచిదే. 2024 సెప్టెంబరు 2న బ్యారేజీ వద్ద ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. నదే అంత ఎత్తున ఉన్నప్పుడు కాలువ నీటికి అందులో చోటెక్కడిది? కట్టలకు గండ్లు పడ్డాయి. నీరు తన పాత దారి పట్టింది. ఆ దారిలో ఇప్పుడు నగరమున్నది. 2005లోనూ బుడమేరు ఇట్లాగే హెచ్చరించింది. 2024లో పెద్ద గండిని పూడ్చడానికి సైన్యం కూడా రావలసి వచ్చింది.

తరువాత కొన్నాళ్ళు పలకా బలపం పట్టుకొని లెక్కలు వేశాను. అయిదు సెంట్లంటే సుమారు 200 చదరపు మీటర్లు. పది సెంటీమీటర్ల వాన పడితే నా ఒక్క స్థలం మీదనే 20 వేల లీటర్లు, అంటే అయిదువేల లీటర్ల ట్యాంకర్లు నాలుగు. పొలంగా ఉన్నప్పుడు అందులో కొంత నేల తాగేది, కొంత గట్ల మధ్య నిలిచేది. ఇప్పుడు డాబా, సిమెంటు వాకిలి కలిసి దాదాపు అంతటినీ నిమిషాల్లో వీధిలోకి నెడుతున్నాయి. అటువంటి ఇళ్ళు యాభై అయితే రెండువందల ట్యాంకర్ల నీరు.

వీధివారిని మా వసారాలో కూర్చోబెట్టి ఉపాయాలన్నీ ఒక్కొక్కటిగా తూచాము. పూడిక తీయడం అన్నిటికంటె చౌక. కాని గొంతు తొమ్మిదంగుళాలే ఉన్నంతవరకు పూడిక తీసినా ఫలితం కొంతే. కాలువను లోతుగా, వెడల్పుగా తవ్వించవచ్చు. అప్పుడు మన నీరు మరింత వేగంగా దిగువనున్న పాత కాలనీలో పడుతుంది. మన ఇంటి చెత్తను పొరుగు గుమ్మంలోకి ఊడ్చినట్లే. ఇంకుడు గుంతలు మంచివే, కాని మాది నల్లరేగడి. తడిస్తే ఉబ్బి బిగుసుకుంటుంది, నీటిని త్వరగా దిగనీయదు. కింది గ్రావెల్ పొర తగిలేదాకా తవ్వితేనే గుంతకు సార్థకత.

ఇక మిగిలింది నీటిని కాసేపు ఆపడం. హైదరాబాదులో 1908 సెప్టెంబరు 28న మూసీ వేలమందిని పొట్టన పెట్టుకొన్న తరువాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు గట్లు ఎత్తు చేయడంతో సరిపుచ్చలేదు. నగరానికి ఎగువనే వరదను ఆపే జలాశయాలు కావాలన్నారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ నగరంలో 2013లో ఒక కూడలినే పల్లంగా కట్టారు. ఎండ వేళ పిల్లలు ఆడుకుంటారు, వాన వేళ నీరు నిలుస్తుంది, ఆపై మెల్లగా దిగిపోతుంది. మాకు అంతటి హంగు అక్కరలేదు. ఊరి ఆటస్థలం ఒక మూల మోకాలి లోతు పల్లం చేసి, చిన్న తూము పెట్టినా చాలు. ఇంటింటా డాబా నీటికి ఒక తొట్టి ఉంటే మరింత మేలు.

ఎంత ఆపినా నిండేది నిండక మానదు. పోరుమామిళ్ళ చెరువు శాసనం 1369 నాటిది. అందులో చెరువుకు కావలసిన అంగాలు పన్నెండు, దోషాలు ఆరు చెప్పారు. సప్తసంతానాలలో తటాకాన్ని చేర్చిన మన పెద్దలు, నిండిన చెరువుకు అలుగు లేకుంటే కట్ట దక్కదని ఎరుగుదురు. మేము వాకిలి ఎటు ఉండాలో చూసుకొని, వీధికి అలుగు పెట్టడం మరచిపోయాము. అలుగు చూపని చోట నీరు అలగక ఏమి చేస్తుంది? పూడ్చిన పంటబోదెయే మా అలుగు. దాని మీద ఇప్పుడు ఇద్దరి ప్రహరీలున్నాయి.

నేను చేయగలిగింది మొదట చేశాను. నా ర్యాంపు పగలగొట్టించి, కాలువ నిండు వెడల్పునూ విడిచిపెట్టి, పైన ఇనుపజాలీ పరిపించాను. నెల పింఛనులో సగం అయింది. ‘మాస్టారే చేశారు కదా’ అన్న మాట ఈసారి మరోలా పనికివచ్చింది. మరి ఆరుగురు ర్యాంపులు తీసి జాలీలు వేయించుకున్నారు. నలుగురు ఒప్పుకోలేదు. ప్రహరీల ఇద్దరిలో ఒకరు గోడ అడుగున కన్నం పెట్టనిచ్చారు. రెండవవారు ఇప్పుడు నాతో మాట్లాడడం మానేశారు. ఆటస్థలం అర్జీ ఇంకా కాగితం మీదనే ఉన్నది.

2025 అక్టోబరు చివర మొంథా తుపాను వానకు రాత్రంతా నిద్రపోలేదు. తెల్లవారగానే చివరి ఇంటికి వెళ్ళాను. నీరు వంటగదిలోకి వచ్చింది, మంచం దాకా రాలేదు. ‘ఈసారి రెండు బిందెలతో పోయిందండీ’ అని ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ రెండు బిందెల నీటిలో ఇంకా తీయని ర్యాంపులున్నాయి. కొన్నేళ్ళు వీధికంతటికీ దారి చూపిన నా మొదటి ర్యాంపూ ఉన్నది.

మీ వీధి నీరు ఏ గుమ్మం వైపు పోతున్నదో ఒక వానలో గొడుగు వేసుకొని నడిచి చూడండి. బోదెను తిరిగి తెరిపించిన ఊరేదైనా మీకు తెలిస్తే, ఒప్పుకోనివారిని ఎట్లా ఒప్పించారో వ్యాఖ్యలో వ్రాయగలరు. నాకు ఆ పాఠం ఇంకా రాలేదు.

శెలవు.