టక్కుమన్నాక పోసే పెట్రోలు

బండ్ల ఇంధన ఖర్చు మీద ఒక కథనం కావాలని సంపాదకులు అడిగినప్పుడు బసంత్‌నగర్‌ను ఎంచుకోవడానికి కారణం ఉంది. తూకం మీద బతికే ప్రాంతమిది. 1969లో సిమెంటు తయారీ మొదలుపెట్టిన ఫ్యాక్టరీ ఈమధ్య అల్ట్రాటెక్‌లో కలిసిపోయినా ఇక్కడ దాని పేరు కేశోరామే. అందులోంచి వచ్చే ప్రతి బస్తా యాభై కిలోలు ఉండాల్సిందే. పక్కనే రామగుండం ఎన్టీపీసీ, 2,600 మెగావాట్ల పాత కేంద్రం. ఒక యూనిట్ కరెంటు పుట్టడానికి ఎన్ని కిలోకేలరీల బొగ్గు కాలిందన్నది అక్కడ నిత్యం చూసుకునే లెక్క. గోదావరిఖని వైపు సింగరేణి ఓపెన్‌కాస్టులున్నాయి. నిలబడ్డ చోటే పొద్దంతా ఇంజిన్ తిరిగే అలాంటి చోట్ల యంత్రం తాగే డీజిల్‌ను కిలోమీటర్లతో కాదు, గంటలతో కొలుస్తారు. లోడు లారీ కాంటా ఎక్కందే గేటు దాటదు. ఇన్ని తూకాల నడుమ, రాజీవ్ రహదారి పక్కన ఒక బంకులో కారు అద్దం దించిన పెద్దమనిషి అన్న మాట చెవిన పడింది: "కొత్త పెట్రోల్ వచ్చినప్పటి సంది మైలేజీ సగానికి సగం పడ్డది చెల్లె. రెండు వేలకు కొట్టు." నాకు కావలసిన కథనమంతా ఈ రెండు వాక్యాల్లోనే ఉంది. మొదటిది ఫిర్యాదు. ఆ ఫిర్యాదును ఎన్నటికీ రుజువు చేయలేకుండా చేసే అలవాటు రెండోది.

పంపు దగ్గరున్న అమ్మాయి చేతిని కాసేపు గమనిస్తే సంగతి అర్థమవుతుంది. అంతకుముందు వచ్చిన కారుకు ట్యాంకు నింపమన్నారు. నాజిల్ టక్కుమని ఆగింది. నాజిల్ కొనకు ఓ చిన్న రంధ్రం ఉంటుంది. పెట్రోలు పారుతున్నంతసేపూ దాని గుండా లోపలికి గాలి వెళ్తుంటుంది. ట్యాంకులో మట్టం పెరిగి రంధ్రం మునగగానే గాలి ఆగి, లోపలి పీడనం మారి, మీట తనంతట తానే విడిపోతుంది. కరెంటు లేదు, చిప్ లేదు. ఎవరి పక్షమూ వహించని చిన్న ఏర్పాటు. మీటరు రెండు వేల ఆరువందల ఎనభై చిల్లర దగ్గర ఉంది. ఆ అమ్మాయి బొటనవేలి ఒత్తిడి పెంచుతూ తగ్గిస్తూ, చుక్కచుక్కగా వదిలి, సరిగ్గా రెండు వేల ఏడువందల మీద పైసా అటూఇటూ కాకుండా ఆపింది. చేతి పనితనం చూస్తే ముచ్చటేసింది, కానీ ఆ పనితనమే కొలతను చెడగొడుతోంది. టక్కుమన్న చోటు ఒక గుర్తు. రేపు మరో బంకులో మరో చేయి అదే గుర్తు దగ్గర ఆపితేనే నిన్నటి ట్యాంకునూ నేటి ట్యాంకునూ పోల్చగలం. ఆ తర్వాత ఎంత పోశారన్నది చిల్లర సమస్యను బట్టి, చేతివాటాన్ని బట్టి మారిపోతుంది. పైగా ట్యాంకులో ఆవిరి కోసం వదిలిన ఖాళీ కూడా నిండితే, ఆవిరిని పట్టే బొగ్గు డబ్బాలోకి పెట్రోలే చేరి దాన్ని పాడుచేస్తుంది.

మైలేజీ కొలిచే పద్ధతి అందరికీ తెలిసిందే. టక్కుమనే దాకా నింపి కిలోమీటర్లు రాసుకోవాలి. మళ్లీ టక్కుమనే దాకా నింపినప్పుడు పట్టిన లీటర్లతో తిరిగిన దూరాన్ని భాగించాలి. కానీ ఈ పద్ధతి ఎంతవరకు నమ్మదగిందో చాలామందికి పట్టదు. బండి కాస్త వాలులో నిలిచినా, నాజిల్ కోణం మారినా నింపుడులో ఒక లీటరు తేడా వచ్చిందనుకుందాం. ఐదు లీటర్లకే లెక్క చూస్తే తప్పు ఇరవై శాతం. ముప్ఫై ఐదు లీటర్లకు చూస్తే దాదాపు మూడు శాతం. పది ట్యాంకులు వరుసగా రాసుకుని, మొత్తం దూరాన్ని మొత్తం లీటర్లతో భాగిస్తే మూడు వందల యాభై లీటర్ల మీద అదే ఒక్క లీటరు. అంటే పావు శాతం పైచిలుకు. మధ్యలోని హెచ్చుతగ్గులు ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి, మొదటి నింపుడు, చివరి నింపుడు తప్పే మిగులుతుంది. మొత్తాన్ని మొత్తంతోనే భాగించాలి, సగటుల సగటు తీయకూడదు. పది లీటర్లకు ఇరవై చొప్పున, ముప్ఫై లీటర్లకు పన్నెండు చొప్పున తిరిగిన కారుకు మైలేజీ పదహారు కాదు. ఐదు వందల అరవై కిలోమీటర్లకు నలభై లీటర్లు, అంటే పద్నాలుగే.

ట్యాంకు నింపడానికి అందరి దగ్గరా డబ్బుంటుందా అన్న ప్రశ్న న్యాయమైనదే. షిఫ్టుకు పోతూ వంద కొట్టించుకునే బైకు మనిషికి ఈ లెక్కలు చెప్పడం ఎగతాళిలా ఉంటుంది. కానీ కొలతకు ప్రతిసారీ నింపనక్కర్లేదు. మొదట ఒకసారి, చివర ఒకసారి నిండితే చాలు. నడుమ వందకు పోసినా, రెండు వందలకు పోసినా ఎన్ని లీటర్లు పడ్డాయో రాసుకుంటే లెక్క చెడదు. అసలు ఆ మనిషే ఎక్కువ నష్టపోతున్నాడు కనుక కొలత అవసరం అతనికే ఎక్కువ. రూపాయల్లో కొనడం తప్పు కాదు, రూపాయలే గుర్తుంచుకుని లీటర్లను మరిచిపోవడం తప్పు. 2017 జూన్ 16 నుంచి దేశమంతటా ఇంధనం ధరను రోజూ సవరించే పద్ధతి వచ్చింది. నెలకు ఎంత ఖర్చయిందో చూసి బండి తిండి పెరిగిందా తగ్గిందా తేల్చడం అప్పటి నుంచి మరీ అసాధ్యమైంది.

లెక్క లేని చోటును అనుమానం ఆక్రమిస్తుంది. వందకు బదులు నూటపదికి, ఐదు వందలకు బదులు ఐదు వందల పదికి కొట్టించడం మనవాళ్ల ఆయుధం. యంత్రం కొలిచేది లీటర్లను, రూపాయలు దాని గుణకారం మాత్రమే. అందులో మోసం చేయాలనుకున్నవాడికి పది రూపాయల తోక అడ్డు కాదు. తెల్లవారుజామున పోయిస్తే చిక్కగా ఉంటుందన్నది మరో నమ్మకం. పెట్రోలు ఒక డిగ్రీకి సుమారు వెయ్యో వంతు వ్యాకోచిస్తుంది, నిజమే. భూగర్భ ట్యాంకులో పొద్దుటికీ మధ్యాహ్నానికీ ఒక డిగ్రీ తేడా వచ్చినా ముప్ఫై ఐదు లీటర్లకు ముప్ఫై ఐదు, నలభై మిల్లీలీటర్లు. దాని కోసం నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు. అలాగని మోసం కల్పన కాదు. 2020 సెప్టెంబరులో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా పంపుల్లో చిప్‌లు పెట్టి లీటరుకు ముప్ఫై మిల్లీలీటర్లు మింగింది. అంటే మూడు శాతం. దానికి చట్టం ఇచ్చిన జవాబు బంకులోనే ఉంది. తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన ఐదు లీటర్ల కొలపాత్ర అది. మెడ సన్నగా ఉంటుంది కాబట్టి కొద్ది మిల్లీలీటర్ల తేడా కూడా మట్టంలో ఎత్తుగా కనిపిస్తుంది. అనుమతించిన తేడా ఇరవై ఐదు మిల్లీలీటర్లు. మూడు శాతం మోసమైతే నూటయాభై, అంటే హద్దుకు ఆరు రెట్లు. ఏ వినియోగదారుడైనా దీన్ని అడిగి కొలిపించుకోవచ్చు. పరీక్ష వేళ చిప్ ఆపేస్తే ఎలా అంటే, అప్పుడు మిగిలే సాక్ష్యం మన పుస్తకమే. ఒక బంకులో పది ట్యాంకులు, మరో బంకులో పది ట్యాంకులు. మూడు శాతం తేడా ఒక్క ట్యాంకులో దాక్కుంటుంది, పదింటిలో దాక్కోలేదు.

ఇప్పుడు పెద్దమనిషి ఫిర్యాదుకు వద్దాం. ఆయన అన్న కొత్త పెట్రోలు, ఇరవై శాతం ఇథనాల్ కలిపినది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉండేదానికి సుమారు మూడింట రెండు వంతులు. ఇరవై శాతం కలిపితే శుద్ధ పెట్రోలుతో పోలిస్తే ఆరేడు శాతం శక్తి తగ్గుతుంది, పది శాతం కలిసిన పాత ఇంధనంతో పోలిస్తే మూడున్నర శాతం. కనుక మైలేజీ సగం పడిందంటే ఆ నేరం ఒక్క ఇథనాల్ మీద వేయలేం. టైర్లలో గాలి, పట్టేసిన బ్రేకు, మూసుకుపోయిన ఫిల్టరు కూడా చూడాలి. కానీ తగ్గుదల స్వల్పమేనన్న ప్రభుత్వం మాట కూడా అంతటితో నెగ్గదు. ఇథనాల్‌కు అనువుగా సరిచేసిన కార్లలో ఒకటి రెండు శాతం, మిగతా వాటిలో మూడు నుంచి ఆరు శాతం తగ్గుదల ఉండొచ్చని పెట్రోలియం శాఖే 2025 ఆగస్టులో చెప్పింది. లీటరుకు పద్దెనిమిది ఇచ్చే కారుకు ఆరు శాతమంటే ఒక కిలోమీటరు. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగేవారికి మూడున్నర లీటర్లు అదనం. ఆ నష్టం ఎవరు భరించాలన్నది అడగదగ్గ ప్రశ్న. అడగడానికి ఆధారమేదీ? కొత్త ఇంధనం కింద మైలేజీ ఎంతో ఈ రోజు నుంచైనా కొలవొచ్చు. పాత ఇంధనం కింద ఎంత ఉండేదో అప్పుడు రాసుకోనివారు ఇక ఎన్నటికీ కొలవలేరు. దేశం మొత్తం మీద ఇంధనం మారిన అరుదైన సందర్భంలో, లక్షల బండ్లే ప్రయోగశాలలైన సమయంలో, మన చేతుల్లో పుస్తకం లేదు. 'ముందు' అనే అంకె లేకపోవడం వల్ల ఫిర్యాదు వాదనగా మారలేక గొణుగుడుగా మిగిలింది.

డ్యాష్‌బోర్డే మైలేజీ చూపిస్తుంది కదా, ఇంకా పుస్తకమెందుకు అంటారు. ఆ అంకె బండి వేసుకున్న అంచనా. ఇంజెక్టరు ఎంతసేపు తెరుచుకుందో చూసి కట్టిన లెక్క, ట్యాంకులో పోసింది కొలిచి చెప్పేది కాదు. కంపెనీ ప్రకటించే ఏఆర్ఏఐ (వాహన పరీక్షా సంస్థ) అంకె ప్రయోగశాలలో రోలర్ల మీద, గంటకు తొంభై కిలోమీటర్లు దాటని నిర్ణీత పరుగులో తేలింది. ఒక కారును మరో కారుతో పోల్చడానికి అది పనికొస్తుంది, లారీల వెనక ఈడ్చుకుంటూ పోయే మన ప్రయాణానికి హామీ కాదు. కొలిచినంత మాత్రాన మైలేజీ పెరుగుతుందా అన్న ఆఖరి ఆక్షేపణ కూడా ఉంది. పెరగదు. తూచినంత మాత్రాన బొగ్గూ పెరగదు. అయినా తూచకుండా ఈ ప్రాంతంలో ఒక్క టన్ను కూడా కదలదు, ఎందుకంటే తూకం లేని చోట ఎవరికెంత బాకీయో తేలదు. ఆఫీసు జీపుకు లాగ్‌బుక్ రాయడం మన దగ్గర పాత పద్ధతే. జీపు సర్కారుది కాబట్టి రాశాం, కారు సొంతమయ్యేసరికి మానేశాం.

ఆ పెద్దమనిషి కారులో రెండు వేలు పడ్డాయి. అమ్మాయి బిల్లు చించి అందించబోయింది. దాని మీద తేదీ, సమయం, ధర, పైసల దాకా మొత్తం, రెండు దశాంశాలతో లీటర్లు ఉన్నాయి. లెక్కలో సగం అచ్చై చేతికొస్తోంది. మిగతా సగం స్టీరింగు ఎదుట వెలుగుతోంది, ఐదారు అంకెలు అదే కాగితం వెనక రాసుకుంటే సరిపోయేది. "బిల్లు వద్దులే చెల్లె" అని పెద్దమనిషి అద్దం ఎత్తుకున్నాడు. పంపు దిమ్మె కింద అప్పటికే అలాంటి కాగితాలు చాలా పడి ఉన్నాయి.